తాత జేబులో మోగిన ఫోన్

పోయినేడాది సంగతి. కంచరపాలెంలో మా ఇంటి నుంచి గ్యాస్ శ్మశానానికి వెళ్లిన మొదటి మనిషి మా తాత. ఆచారం ప్రకారం ఆడవాళ్లు ఇంటి దగ్గరే ఉండిపోయారు.

అక్కడ రూల్స్ గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉన్నాయి. అయినా పొయ్యి దగ్గర ఆపరేటర్ మళ్లీ అడిగాడు.

“సెల్లు, వాచీ, బేటరీ ఉన్నవేటీ లేవు కదా బావా? లోపల పేలితే మనం కూడా ఉండం.”

“ఏటీ లేవెహె, కానియ్!” అన్నాడు మా చిన్నాన్న, అన్నీ తనే చూసినట్టు.

ట్రాలీ కదిలింది. అంతలో తాత గుండెల మీద ఫోన్ మోగింది!

చిన్నాన్న గేటు దాకా ఒకటే పరుగు. ఆపరేటర్ ట్రాలీ ఆపేసి నా వైపు చూశాడు. కప్పిన కొత్త బట్ట తొలగించి, చొక్కా జేబులోంచి ఫోన్ తీసి ఎత్తాను.

“ఏటి, సేరిపోనారా?”

మామ్మ గొంతు, పక్కనున్న ఆపరేటర్‌కి కూడా వినపడేంత గట్టిగా! తాత ఎక్కడికెళ్లినా ఆవిడ ఫోన్ చేసి అడిగే మాట అదే. స్నానం చేయించి చొక్కా తొడిగేటప్పుడు ఫోన్ జేబులో పెట్టింది కూడా ఆవిడేనట.

“మామ్మా, నానే. ఇది పొయ్యిలో పెట్టకూడదంట. పేలిపోద్దంట.”

“అలాగా! తీసేయ్ అయితే. ఆయన ఎత్తరని నాకు తెల్దేట్రా? మోగితే సాలని సేసినాను.”

అప్పటిదాకా నవ్వు ఆపుకుంటున్న ఆపరేటర్ మొహం పక్కకి తిప్పుకున్నాడు.

ఆ ఫోన్ ఇప్పుడు తాత పటం దగ్గర ఉంది. ఛార్జింగ్ అయిపోకుండా చూసే డ్యూటీ నాది. రోజూ సాయంత్రం మామ్మ వంటింట్లోంచి చేస్తుంది, అది హాల్లో మోగుతుంది.

ఎవరం ఎత్తం. అది మా ఇంటి రూలు.