అత్తగారి గుప్పిట్లో పాచిక

ఆమె అసలు పేరు ఊళ్ళో సగం మందికి తెలియదు. ఆడ రైతులకు పంట నష్టాలనుంచి ఎలా కాచుకోవాలో నేర్పడం ఆమె ఉద్యోగం. నోరు విప్పితే "ఒకవేళ వాన పడకపోతే? ఒకవేళ ధర రాకపోతే?" అనే అడుగుతుంది కాబట్టి ఒకవేళమ్మ అయి కూర్చుంది. మండుటెండల్లో కూడా సంచిలో గొడుగు లేనిదే గడప దాటదు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఒకవేళమ్మ రచ్చ గెలిచింది గానీ, ఇల్లే లొంగలేదు. ఇల్లంటే అత్తగారు. ఒక ఏడాది టమాటాకు బంగారం లాంటి ధర పలికింది. ఇక అప్పటినుంచి ఆవిడ చేనంతా టమాటాయే. గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారం అన్నట్టు ఏంటీ వ్యవసాయం అని కోడలంటే, "నా దీపం ఆరదులే" అనేది.

ఆఖరి క్లాసు రోజు పాలకేంద్రం వెనక షెడ్డుకు అత్తగారు కూడా వచ్చింది. మర్నాడు పొద్దున్నే నారు అమ్మే ఆయన వస్తాడు. ఎవరు ఏ పంట వేస్తారో ఆ రాత్రికే తేలాలి.

ఒకవేళమ్మ నేల మీద సుద్దముక్కతో గళ్ళు గీసింది. టమాటా, మొక్కజొన్న, పెసర, కోళ్ళు. తలా పది చిక్కుడు గింజలిచ్చి, మీ చేను ఇదే అనుకుని పంచుకోండి అంది. పాచిక మీద చిన్న అంకె పడితే వానో ధరో దెబ్బ కొట్టినట్టు, ముందు పోయేది టమాటా. పెద్ద అంకె పడితే టమాటాలో గింజలు రెట్టింపు. అందరూ తలా కొంచెం పంచారు. అత్తగారు పదీ టమాటాలో పోసింది.

పాచిక వేసింది. అయిదు. మళ్ళీ వేసింది, ఆరు. మూడోసారి కూడా ఆరే. ఆవిడ ఒళ్ళో గింజలు పట్టలేదు.

"గెలిచింది పెద్దమ్మే కదక్కా," అంది కోళ్ళు పెంచే ఆమె. "మేమూ రేపు అంతా టమాటా నారే చెప్పేస్తాం." చుట్టూ ఉన్నవాళ్ళంతా తలలూపారు.

ఒకవేళమ్మ ఇన్నాళ్ళ పాఠం బూడిదలో పోసిన పన్నీరయింది. అది అదృష్టం అని చెబితే, ఒళ్ళో గింజలు పెట్టుకున్న మనిషి ముందు ఎవరు వింటారు? పాచిక మీద కూడా కోపం వచ్చింది ఆమెకు.

ఆమె గళ్ళన్నీ చెరిపేసి ఒకే పెద్ద గడి గీసింది.

"అత్తయ్యా, ఇది మన చేను. బావి పక్క మడితో సహా. ఈసారి గింజలు లేవు. పెద్ద అంకె పడితే చేనంతా టమాటా నారు నేనే చెప్పొస్తాను, జన్మలో మళ్ళీ ఒకవేళ అనను. చిన్న అంకె పడితే చేను కౌలుకిచ్చేసి మీరు ఇంట్లో కూర్చోవాలి. వెయ్యండి."

అనేశాక గానీ తను ఏమన్నదో ఆమెకే తెలియలేదు. పుట్టి బుద్ధెరిగాక ముందూ వెనకా చూడకుండా అన్న మాట అదొక్కటే. అత్తగారికి తెల్లారితే చేను, పొద్దుగూకితే చేను. అది లేకపోతే ఆవిడ మనిషే కాదు.

"దాందేముంది," అని అత్తగారు పాచికను గుప్పిట్లో గలగలలాడించింది. చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. గుప్పిట విడలేదు.

"గింజలు పోతే నువ్వు మళ్ళీ ఇస్తావు," అంది ఆవిడ మెల్లగా. "చేను పోతే ఎవరిస్తారే?"

ఆ మాట చెప్పడానికే కదా ఒకవేళమ్మ ఇన్నేళ్ళుగా గొంతు చించుకున్నది. ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కోళ్ళామె చప్పుడు చేయకుండా తన గింజలు ఏరుకుని, కుప్పలు కుప్పలుగా విడదీసుకోవడం మొదలుపెట్టింది.

"సగం టమాటా," అంది అత్తగారు. "మిగతాదాన్లో పెసలు వేస్తావో మొక్కజొన్న వేస్తావో నీ ఇష్టం. నీ పాఠం విని కాదు సుమా. చెయ్యి రాలేదు, అంతే."

"నేనూ బతికిపోయాను అత్తయ్యా," అని నిజం చెప్పేసింది కోడలు. "ఆరు పడితే నా గతేంటి?"

"ఆరే పడేది," అంది అత్తగారు, పాచికను కోడలి చేతిలో పెడుతూ. "నాకు తెలుసు. అయినా వెయ్యలేకపోయాను."