సిగ్గుకి కోడు లేదన్న మా అక్క

సుపేలా బజారులో కూరలు కొంటుంటే ఫోను మోగింది. మావాడు. "నాన్నా, రికార్డు రూము అక్క పోయింది" అన్నాడు. పొద్దున్న టీ తాగి కుర్చీలోనే తల వాల్చేసిందట. ఏరిన వంకాయలు ఏరినట్టే వదిలేసి ఆటో ఎక్కేశాను.

అక్క నాకు తోడబుట్టింది కాదు. ఈ హిందీవాళ్ల ఊళ్లో, ఉక్కు ప్లాంటు పనివాళ్లుండే క్యాంప్ 1లో మా ఎదురిల్లు. విజయనగరం వైపు మనిషి. డాక్టర్లు రాసిన రోగానికి లావుపాటి పుస్తకంలో వెతికి కోడు, అంటే ఆ రోగం నంబరు, వెయ్యడం ఆసుపత్రిలో ఆవిడ ఉద్యోగం. రిటైరయ్యాక కూడా అందరికీ రికార్డు రూము అక్కే.

ఆవిడ మీద నాలుగు ముక్కలు రాస్తానంటే మా బావమరిది అడ్డం పడ్డాడు. "రాయి బావా, కాదన్ను. మనోడి సంగతి మాత్రం ఎత్తకు. సదివినోళ్లు ఏటనుకుంటారు?" అన్నాడు. అనుకోనీ! ప్లాంటులో ఖలాసీగా చేసినవాణ్ణి, ఎనిమిదో తరగతితో ఆగిపోయినవాణ్ణి, నాకు దాచి రాయడం చేతకాదు. మా అబ్బాయికి మత్తు సూది అలవాటైంది. దానివల్ల మతి తప్పింది. ఇప్పుడు బాగున్నాడు. ఇదిగో, రాసేశాను. నా చెయ్యేమీ పడిపోలేదు!

బండి మీంచి పడి వాడికి నడుం దెబ్బ తగిలింది. నొప్పికని మాత్రలు మింగాడు. నొప్పి పోయినా మాత్రలు పోలేదు. తర్వాత దొంగచాటు సూదులు. ఆ తర్వాత ప్లాంటు సైరన్‌లో తన పేరు వినిపిస్తోందన్నాడు. వాళ్లమ్మ వడ్డించిన అన్నంలో విషం ఉందని కంచం తోసేశాడు. ఆసుపత్రిలో చేర్చాం. ఒంట్లోంచి మత్తు దిగేకొద్దీ ఆ మాటలూ తగ్గాయి.

ఇంటికి పంపే రోజున మా బావమరిది నన్ను వెంటబెట్టుకుని రికార్డు రూముకి వెళ్లాడు.

"దీదీ, మీ చేతిలో పనే కదా. మత్తు, నశా అని వెయ్యకండి. ఉత్తి పిచ్చి అని వేసేయండి. పాగల్ అంటే జాలైనా పడతారు. నశా అంటే మా గడప ఎవడు తొక్కుతాడు?"

అక్క కళ్లజోడు నుదుటి మీదకి తోసింది. ఎవరితోనైనా దెబ్బలాడే ముందు అదే ఆవిడ అలవాటు.

"ఓరి నాయనా! జాలి కోసం పిచ్చి రాయించుకుంటారా? రేపు ఇంకో డాక్టరు ఈ కాయితం సూసి, బతుకంతా పిచ్చి మాత్రలే మింగిస్తే? ఈడు మళ్లీ సూది పట్టుకుంటే అసలు రోగం ఏటని ఎవడికి తెలుస్తాది? పేరు సరిగ్గా రాస్తేనే మందు సరిగ్గా వస్తాది."

"సిగ్గు దీదీ, పదిమందిలో..."

"సిగ్గుకి కోడు లేదు బాబూ. పుస్తకమంతా ఎతికాను. ఉంటే ముందు నీకే ఏసేద్దును."

ఎన్ని నెలల తర్వాతో నాకు నవ్వొచ్చింది. బావమరిది మొహం చూసి ఇంకా వచ్చింది.

అయితే కాయితంలో మత్తు అలవాటు ఒకచోట, మతి తప్పడం ఇంకోచోట ఉన్నాయి. దీని వల్లే అది వచ్చిందని ఎక్కడా లేదు. "ఇది నా అంతట నేను కలిపెయ్యకూడదు తమ్ముడూ, వైద్యం సేసినావిడే తేల్చాలి" అని అక్క డాక్టరమ్మను పిలిపించింది. ఆవిడ చదివి, "అవునండీ, మత్తు వల్ల వచ్చినవే, అది దిగాక ఆగిపోయాయి" అని ఆ ముక్క రాసి సంతకం పెట్టింది. అప్పుడు అక్క కోడు వేసి, కలం మూతతో చూపిస్తూ నాకు చెప్పింది. "ఇదిగో, ఎఫ్ పదకొండు. అంటే నల్లమందు జాతి మందులు. సుక్క తర్వాత రెండు, అంటే అలవాటు పట్టేసింది. ఇంకోటి సుక్క ఐదు, అంటే దానివల్ల లేని మాటలు ఇనిపించాయి. మీ బావమరిది అడిగింది ఎఫ్ ఇరవై. అది ఏరే రోగం, ఏరే వైద్యం. మనోడిది కాదు."

మా క్యాంపులో ఎవరైనా ఆసుపత్రి నుంచి ఇంటికొస్తే బత్తాయిలు పట్టుకుని చూడ్డానికి వెళ్లడం ఆనవాయితీ. పక్కింటాయన హెర్నియా చేయించుకుని వస్తే గుమ్మం ముందు చెప్పులు పట్టలేదు. మావాణ్ణి చూడ్డానికి మాత్రం ఒక్క మనిషీ రాలేదు. సాయంత్రం అక్క వచ్చింది. చేతిలో ఆకుపచ్చ వైరు బుట్ట. సందు మధ్యలోంచే అరిచింది.

"ఏరా, ఆసుపత్రి నుంచి వచ్చావంట! ఏటి రోగం?"

వాడు తల దించుకున్నాడు.

"సెప్పరా. కడుపునొప్పి వస్తే సెప్పవా?"

వాడు మెల్లగా చెప్పాడు. "ఆఁ, అదీ! ఇంద, బత్తాయి వలువు. నాకూ రెండు తొనలు పెట్టు" అని అరుగు మీద కూలబడింది. ఆ తర్వాత అలా వస్తూనే ఉంది. కిటికీల్లోంచి చూసినవాళ్లు ఒక్కొక్కరే గుమ్మంలోకొచ్చారు.

మధ్యలో వాడు ఒకసారి మళ్లీ సూది వైపు జారాడు. ఇంకో ఊరి ఆసుపత్రిలో కొత్త డాక్టరు ఆ పాత కాయితం చూసి, దేనికి వైద్యం చెయ్యాలో వెంటనే పట్టుకున్నాడు. నా కొడుకు నాకు దక్కాడు!

ఇప్పుడు వాడు బ్యాటరీల షాపులో పని చేస్తున్నాడు. స్నానం చేస్తూ అపశ్రుతిలో పాడతాడు, వీధంతా వినబడుతుంది. నిన్న చారులో ఉప్పు తక్కువైందని వాళ్లమ్మతో పోట్లాట పెట్టుకున్నాడు. విషమని కంచం తోసేసినవాడు ఉప్పు చాల్లేదని దెబ్బలాడుతుంటే నేను వంటింటి గుమ్మంలో నిలబడి ఏడుస్తూ నవ్వాను. చావు కబురుతో మొదలుపెట్టి సంతోషం ఏమిటని మీరనొచ్చు. ఈ సంతోషం అక్కదే, నాది కాదు.

పాడె ఎత్తేటప్పుడు మావాడు భుజం పెట్టబోతే ఒక పెద్దాయన, "వాడెందుకు, ఇంకెవరూ లేరా?" అని గొణిగాడు. అక్క కూతురు ఏడుస్తూనే అంది, "అమ్మ ఉంటే మీకో కోడు వేసేది భయ్యా. జరగండి." ఆయన జరిగాడు. మావాడు శ్మశానం దాకా భుజం మార్చలేదు.

పెద్దకర్మ అయ్యాక ఆ అమ్మాయి వాడికి వైరు బుట్ట ఇచ్చింది. మొన్న మా సందు చివర వెల్డర్ తమ్ముడు, మావాడు అప్పట్లో ఉన్న మత్తు వార్డు నుంచే ఇంటికొచ్చాడు. తలుపులు మూసుకున్నారు. ఎవరూ వెళ్లలేదు. మావాడు షాపు నుంచి వస్తూ బత్తాయిలు తెచ్చి బుట్టలో సర్దాడు. నేను అరుగు మీంచి చూస్తున్నాను. ఎండ వాలుతోంది. సందంతా వినబడేలా, అచ్చం ఆవిడలాగే అరిచాడు.

"ఏరా భాయ్, ఆసుపత్రి నుంచి వచ్చావంట! ఏటి రోగం?"

మూసిన తలుపు ముందు ఆ ఆకుపచ్చ బుట్ట కాసేపు వాడి చేతికి వేలాడుతూ ఉండిపోయింది. తర్వాత గొళ్లెం తీసిన చప్పుడు మా అరుగు దాకా వినిపించింది.