ఒకే ప్రశ్న రెండుసార్లు

మా ఊళ్లో పర్సుడీహ్ అనే పేటలోని ఒక మద్రసాలో పిల్లలకు ఎలా ఉంటోందన్నది మా అక్క పరిశోధన. అందుకోసం ఒక ప్రశ్నపత్రం తయారుచేసింది. దాన్ని నమ్మవచ్చని రుజువు చేస్తే తప్ప గైడ్ సంతకం పెట్టనన్నారు. ఆ రుజువు పని నాకు అప్పగించింది.

నాకది సులువుగానే తోచింది. నేను ప్లాంటులో కొలత పరికరాలు సరిచూస్తాను. ఒక ఇనుప కమ్మీని ఇవాళ కొలిచి, కొన్నాళ్లకు మళ్లీ కొలుస్తాం. అంకె మారకపోతే పరికరం మంచిది. అదే పద్ధతిలో ఒక తరగతికి అవే ప్రశ్నలు రెండు వారాల తేడాతో రెండుసార్లు ఇచ్చాం. కమ్మీ ఆలోచించదు, పిల్లలు ఆలోచిస్తారు అన్న సంగతి నాకు తట్టలేదు.

"ఉస్తాద్ మీ మాట వింటారా?" అని వాళ్ల గురువు గురించి అడిగినదానికి మొదట "ఎప్పుడూ" అన్నవాళ్లు రెండోసారి "ఎన్నడూ వినరు" అన్నారు. తాగునీరు బాగుందన్నవాళ్లకు అది పాడైపోయింది. స్నేహితులే లేరన్నవాడికి తరగతంతా స్నేహితులైపోయారు. రెండు విడతల జవాబులూ ఎంత కలిశాయో చెప్పే లెక్క ఒకటుంది, బాగా కలిస్తే అది ఒకటికి దగ్గరగా రావాలి. మాది సున్నా కూడా దాటి కిందికి పోయింది. అంటే పిల్లలు తోచినట్టు గీకలేదు, పద్ధతిగా తలకిందులు చేశారు.

నేను కారణాలు వరసగా రాసుకున్నాను: ఎండ, ఆకలి, పెన్నులు, ప్రశ్నల క్రమం. అక్క అది చూసి, "రోగం తెలీకుండా మందులు రాత్తన్నావేట్రా? సార్ సంతకం పెట్టకపోతే నానేటి చెయ్యాలి?" అంది.

ఇద్దరం ఆటో ఎక్కి మద్రసాకు వెళ్లాం. ఉస్తాద్ మా గోడు విని, ముందు వరసలో ఉన్న ఒక అమ్మాయిని పిలిచి జవాబులెందుకు మార్చావని అడిగారు. ఆ పిల్ల నావైపు జాలిగా చూసింది.

"ఫిర్ సే అన్నారు కదా, భయ్యా. అంటే మొదట తప్పు రాశామనే కదా."

ఉస్తాద్ నవ్వు ఆపుకోలేకపోయారు. అక్కడ పాఠం కంఠతా అప్పజెప్పాలి. ఎవరైనా తడబడితే ఆయన తప్పేదో చెప్పరు, మళ్లీ చదవమని "ఫిర్ సే" అంటారు, అంతే. తప్పు వాళ్లే వెతుక్కోవాలి. రెండో పత్రం పంచుతూ నేనూ ఆ మాటే అన్నాను. తప్పెక్కడో దొరక్క పిల్లలు అన్నీ మార్చేశారు.

ఇందులో తప్పొప్పులు లేవని నేను తరగతికి వివరించాను. ఎవరూ నమ్మలేదు. ఒకడైతే సరైన జవాబు మూడోదా అని గుసగుసగా అడిగాడు. చివరికి ఉస్తాద్ మాకు ఇంకో తరగతిని ఇచ్చి, రెండో విడతకు ముందు తనే వాళ్లను అడిగారు: "హకీమ్ రెండోసారి నాడి పట్టుకుంటే, మొదటిసారి మీ గుండె తప్పుగా కొట్టుకుందనా?" కాదన్నారు పిల్లలు. ఆ తరగతిలో రెండు విడతలూ చక్కగా కలిశాయి.

మొదటి తరగతిని ఎందుకు వదిలేశామో థీసిస్‌లో చెప్పాలి. "పిల్లల అపార్థం వల్ల" అని నేను రాసిచ్చాను. గైడ్ "పిల్లల" అన్నది కొట్టేసి, పైన "పరిశోధకుల" అని రాసి, కింద సంతకం చేశారు.

అక్క ఆ పేజీ తెచ్చి నా ముందు పెట్టింది. "నన్నూ నీతో కలిపేసినారు సార్. పోన్లే, సంతకం పెట్టినారు."