తొమ్మిది దెబ్బల కారు

పాత కారులో శ్రీకాకుళం నుంచి విజయనగరం వెళ్ళేవాళ్ళకి ముందుగా ఒక మాట. కారు అడుగున ఏదైనా చప్పుడు మొదలైతే పాట ఆపి వినండి. మేం ఆపలేదు. మా బావ సింహాచలం సన్నాయి విద్వాంసుడు, నేను ఆయన పక్కన డోలు వాయిస్తాను. కింద టక్కుటక్కుమని మొదలైనప్పుడు మా ఇద్దరికీ అది తాళంలాగే వినిపించింది. దానికి సరిపోయే కీర్తనలు ఎంచుకుని మరీ పాడుకుంటూ పెళ్ళిళ్ళకి తిరిగాం. అది బండికి జబ్బు అని తట్టేసరికి చప్పుడు బాగా ముదిరిపోయింది.

విజయనగరంలో మాకు తెలిసిన మెకానిక్ ఫోన్లోనే విని, గేరుబాక్సు పోయుంటుందన్నాడు. ఆ మోడలు గేరుబాక్సు సామాన్లు ఇప్పుడెక్కడా దొరకడం లేదు. బావ మనసు విరిగిపోయి పాత ఇనుం వ్యాపారితో మాట్లాడేసుకున్నాడు. మెకానిక్ చూసి అవునంటే బండి అక్కడే వదిలేసి, మేం బస్సెక్కి తిరిగి రావాలి. కారు లేకుండా డోళ్ళు, సన్నాయిలు, శ్రుతిపెట్టె మోసుకుంటూ పల్లెల్లో పెళ్ళిళ్ళకి వెళ్ళడం మా వయసుకి అయ్యే పని కాదు. బండితోపాటు మేళం కూడా ఆఖరే.

ఉదయం ఆరున్నరకి శ్రీకాకుళంలో డే అండ్ నైట్ కూడలి దాటాం. ఎచ్చెర్లలో ఇడ్లీ తిన్నాం. చట్నీ బాగుంది, బావ ముఖమే బాగోలేదు. రణస్థలం దగ్గర ఎండుచేపల గంపతో ఒకావిడ చెయ్యెత్తితే వెనక సీట్లో నా డోలు పక్కన ఎక్కించుకున్నాం. పేరు నూకాలమ్మట, విజయనగరం మార్కెట్టుకి వెళ్తోంది. ఎక్కిన కాసేపటికే మొదలుపెట్టింది.

“ఏటి బావూ, మీ కారుకి కాలునొప్పేటి? కుంటతన్నాది.”

“గేరుబాక్సు పోనాదమ్మా. దీనికిదే ఆఖరి పయనం,” అన్నాడు బావ.

“నీ గేరుబాక్సు ఏటో నాకేటి తెలుసు? అదురు మాత్రం నా కాళ్ళ కిందన వస్తన్నాది.”

నేను ఉలిక్కిపడ్డాను. గేరుబాక్సు ఉండేది ముందు, మా కాళ్ళ దగ్గర. ఇన్నాళ్ళూ నేను చప్పుడులో తాళమే విన్నాను గానీ, అది ఎక్కడినుంచి వస్తోందో పట్టించుకోలేదు. నాతవలస దగ్గర హైవే వదిలి డెంకాడ దారి పట్టాక, రోడ్డు కొంచెం పల్లంగా ఉన్నచోట బండి ఆపమన్నాను.

“మళ్ళీ ఏటిరా?” అని విసుక్కున్నాడు బావ.

“ఇంజను కట్టేసి, న్యూట్రల్లో వదులు బావా. నడక కన్నా జోరుగా పోనీకు.”

వెనక చక్రం మీద సుద్దముక్కతో ఒక గీత గీశాను. బండి మెల్లగా దొర్లుతుంటే చక్రం పక్కనే వంగి నడిచాను. ఇంజను ఆగిపోయినా చప్పుడు ఆగలేదు. సరే, జబ్బు ఇంజనుది కాదు. చక్రానిదే అయితే చుట్టుకి ఒక్క దెబ్బ పడాలి. గీత ఒకసారి కిందికొచ్చేసరికి నాలుగు దెబ్బలు పడ్డాయి, ఐదోది సగంలో ఉంది. రెండోసారి వచ్చేసరికి సరిగ్గా తొమ్మిది. మా డోలు లెక్కలో తొమ్మిదిని సంకీర్ణం అంటారు. అందులో నేను తప్పు వినే ప్రసక్తే లేదు. ఎన్నిసార్లు వదిలి చూసినా తొమ్మిదే. అంటే చక్రం కన్నా జోరుగా తిరిగేది ఏదో నూకాలమ్మ కాళ్ళ కింద కొట్టుకుంటోంది.

“నడుం పట్టేస్తాది, లెగు బావూ. నా సేపలు ఎండకి మళ్ళీ ఎండిపోతన్నాయి,” అంది నూకాలమ్మ.

తొమ్మిదింటికి ఆమెని మార్కెట్టు దగ్గర దింపి, రింగురోడ్డు దగ్గరున్న షెడ్డుకి చేరాం. మెకానిక్ గేరుబాక్సు విప్పడానికి సిద్ధంగా ఉన్నాడు. నేను అడ్డం నిలబడి నా లెక్క చెప్పాను.

“తొమ్మిదా? సరిగ్గా లెక్కెట్టినావా?”

“నా బతుకంతా లెక్కెట్టడమే కదా.”

అతను నవ్వి, బండి కింద దూరి, గేరుబాక్సు నుంచి వెనక చక్రాలకి వెళ్ళే షాఫ్టుని రెండు చేతులా పట్టి తిప్పాడు. దాని వెనక కొసన కీలులా పనిచేసే క్రాస్ లొడలొడలాడింది. అతను బయటికొచ్చి, చేతులు తుడుచుకుంటూ నన్ను ఎగాదిగా చూశాడు.

“ఈ బండికి సక్రం రెండు సుట్లు తిరిగితే షాఫ్టు తొమ్మిది తిరుగుతాది. ఎనక ఇరుసులో ఉన్న పళ్ళసక్రాల లెక్క అది. నీకెవులు సెప్పినారు?”

“నా డోలు,” అన్నాను. అంత గర్వంగా నేనెప్పుడూ మాట్లాడలేదు, తగ్గించి చెప్పాలని కూడా లేదు.

క్రాస్ పక్క షాపులోనే దొరికింది. మేం భోంచేసి వచ్చేసరికి బిగించేశాడు కూడా. బావ ఇనుం వ్యాపారికి ఫోన్ చేశాడు. “బండి ఇవ్వనండి. మా బామ్మర్ది జబ్బు కనిపెట్టేసినాడు,” అని షెడ్డులో అందరికీ వినపడేలా చెప్పాడు.

తిరుగు ప్రయాణంలో బండిని బాగా పరీక్షిద్దామని నెల్లిమర్ల, చీపురుపల్లి మీదుగా చుట్టు తిరిగి వచ్చాం. మీరూ వీలుంటే సాయంత్రం ఆ దారినే రండి. రెండు పక్కలా పొలాలు, పెద్దగా రద్దీ ఉండదు. నెల్లిమర్ల జూట్ మిల్లు దాటేదాకా ఇద్దరం చెవులు రిక్కించి కూర్చున్నాం. గాలి హోరు తప్ప మరే చప్పుడూ లేదు.

మేళంలో పాట ముందుగా ఎత్తుకునేది ఎప్పుడూ సన్నాయే. డోలు దాని వెంట నడవాలి. బావతో కలిసిన రోజు నుంచీ నేను ఆ పద్ధతి తప్పలేదు.

“ఒరే, ఎనక సీట్లోకెల్లి డోలు తియ్యి,” అన్నాడు బావ, బండి ఆపి. “ఇయాల నువ్వు ఎత్తుకో. నేను ఎనకాల వస్తాను.”

ఎత్తుకున్నాను. బావ బండి నడుపుతూ నోటితోనే సన్నాయి పలికించాడు. చీపురుపల్లి వచ్చేదాకా ఒక్కసారి కూడా నన్ను దాటి ముందుకు పోలేదు.