గోడ అవతలి గొంతు

మొగుళ్లపల్లిలో మా హనుమాన్ గుడి భజన శనివారం సాయంత్రం. నేను నామం ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు. తండా వాళ్లు ప్రహరీ అవతలే నిలబడేవారు. రావద్దని ఎవరూ అనలేదు, రమ్మనీ అనలేదు. వాళ్లలో పదిహేనేళ్ల పిల్లవాడొకడు, నా గొంతు సరిగా వినపడక, మేమంతా అందుకున్నాకే అందుకునేవాడు. ఎప్పుడూ ఒక క్షణం ఆలస్యం.

డోలు కొట్టే అన్న నవ్వేవాడు. "మనం ఆపితేగాని వాడు మొదలువెట్టడు. దేవుడు రెండుసార్లు లేవాలె."

ఆ వానాకాలం ఆ పిల్లవాడూ, మా వీధి రైతు కొడుకూ కలిసి ఒక బావి మోటారు వైరు కోసి దొరికిపోయారు. ఇద్దరిదీ ఒకే వయసు, ఒకే తప్పు. వాళ్ల నడత విచారించడానికి ఊరికి వచ్చిన బాలల కోర్టు ఆఫీసరు, భజన పెద్దనని నన్ను అడిగాడు.

"రైతు కొడుకు మా కండ్ల ముందట పెరిగిండు సార్. తెల్వక చేసిండు" అన్నాను.

"మరి రెండోవాడు?"

"తండా పిలగాడు సార్. నాకు తెల్వదు."

రెండూ రాసుకున్నాడు. రైతు కొడుకు ఆ వారమే ఇల్లు చేరాడు. రెండోవాడి అమ్మానాన్నలు కూలికి పట్నం పోయారు. ఇంట్లో ఉన్న ముసలి అవ్వ పూచీ చాలదని వాణ్ణి బాలుర గృహంలో ఉంచారు.

తర్వాతి శనివారం నామం ఎత్తుకున్నాను. అందరూ అందుకుని ఆగారు. ఒక క్షణం తర్వాత గోడ అవతల అదే గొంతు. వెళ్లి చూశాను. ఎవరూ లేరు. తడి మట్టిలో అడుగులు కూడా లేవు. డోలు అన్నకు ఏమీ వినపడలేదట. మూడు వారాలు అలాగే జరిగింది. సర్వభూతాల్లో స్వామి ఉన్నాడని చెప్పే నోటితోనే నేను తెల్వదన్నాను.

నాలుగో వారం పిల్లవాడి అవ్వ గుడి మెట్ల దగ్గరికి వచ్చింది. "పటేలా, నీ పాటలన్ని నా మనుమనికి నోటికొస్తయి. గా సారుకు తెల్వదన్నవట. గట్లెట్లంటివి?"

వాయిదా రోజు ఆమెతో కోర్టుకు వెళ్లాను. బయట బెంచీల మీద పిల్లలు వరుసగా కూర్చున్నారు. అందరూ తండాల పిల్లలు, గూడేల పిల్లలే. నేను నడుస్తుంటే తలలన్నీ నాతోపాటే తిరిగాయి.

లోపల చెప్పాను. "ఆరేండ్ల సంది వాని గొంతు ఇంటున్న. అప్పుడు అబద్ధం చెప్పిన. పూచీ నాది."

ఆ శనివారం పిల్లవాణ్ణి చేయి పట్టుకుని తెచ్చి నా పక్కన కూర్చోబెట్టాను. నామం ఎత్తుకున్నాను. వాడు మాతోపాటే, సరిగ్గా అందుకున్నాడు. అందరం ఆగాం.

ఒక క్షణం తర్వాత గోడ అవతల మళ్లీ వినిపించింది. ఈసారి ఒక్క గొంతు కాదు, ఎందరో పిల్లలవి.

పిల్లవాడు నా చేయి గట్టిగా పట్టుకున్నాడు. వాడికీ వినిపించింది.