ప్రశ్నకో బిస్కెట్టు

రంజాన్ బజారు చేద్దామని మొన్న అమ్మతో లాడ్ బజార్‌కు వెళ్లాను. ఒక గాజుల దుకాణం ముందు నిప్పుల మీద లక్క మెత్తబడుతోంది. ఆ ఘాటు వాసన ముక్కుకు తగలగానే నాకు గాజుల మీదికి ధ్యాస పోలేదు. తీగలు అతికే సాల్డరింగ్ చేసేటప్పుడు లేచే పొగ గుర్తొచ్చింది. ఆ పొగ నిండిన చిన్న గది, అందులో కొంగు నడుముకు దోపుకుని బిస్కెట్ల డబ్బాతో నిలబడ్డ సుభద్ర మేడం గుర్తొచ్చారు. అమ్మ బేరమాడుతుంటే నేను నాలో నేనే నవ్వుకుంటూ నిలబడిపోయాను.

మేడంది భీమవరం పక్క పల్లె. మా ఇంజనీరింగు కాలేజీలో విద్యుత్ విభాగంలో పాఠాలు చెప్పేవారు. మైనారిటీ పిల్లలు సైన్సులోనో ఇంజనీరింగులోనో చేరి మధ్యలో మానేస్తున్నారని విశ్వవిద్యాలయం ఒక సహాయ కేంద్రం పెట్టి, దాన్ని ఆవిడ చేతిలో పెట్టింది. కేంద్రమంటే పెద్దదేమీ కాదు, వర్క్‌షాపు వెనక ఒక గది, నల్లబల్ల, కొన్ని బెంచీలు. క్లాసులయ్యాక వెళ్తే అర్థంకాని పాఠం మళ్లీ చెప్పేవారు, చేతికి పనిముట్లిచ్చి చేయించేవారు. అక్కడి నియమం ఒక్కటే. ప్రశ్న అడిగినవాళ్లకు ఉస్మానియా బిస్కెట్టు. జవాబు చెప్పినవాళ్లకు ఏమీ లేదు. జవాబు ఎలాగూ పుస్తకంలో ఉంటుంది, దానికి బిస్కెట్టు దండగ అనేవారు.

మొదటి సెమిస్టరంతా నేను ఒక్క బిస్కెట్టూ తినలేదు. మాది మొఘల్‌పురా. పదో తరగతి దాకా ఉర్దూ మీడియం. తెలుగు ఒక సబ్జెక్టుగా చదివాను, మిగతాది వీధిలో నేర్చుకున్నాను. ఇంటర్ ఇంగ్లీషులో ఉన్నా బట్టీ పట్టి గట్టెక్కాను. ఇంజనీరింగులో ఆ బట్టీ పనికిరాలేదు. సర్క్యూట్స్ క్లాసులో సారు నోటి వెంట ఇంగ్లీషు ధారగా పోతుంటే, నేను ముందు బెంచీ అమ్మాయి జడ చూస్తూ కూర్చునేదాన్ని. పరీక్ష తప్పాను. గడియారాలు బాగుచేసే మా నాన్న, అబ్బా, కోప్పడలేదు. ఇంటి దగ్గర కాలేజీలో బీకాం చదువుకోమన్నారు, అంతే. ఆ మాట చెప్పి సెలవు తీసుకుందామని మేడం దగ్గరికి వెళ్లాను.

"నాతోని కాదు మేడం. బీకాంల చేరుత."

ఆవిడ బతిమాలలేదు. సరే వెళ్లమన్నారు. అయితే వెళ్లేముందు ఒక సాయం చేయమన్నారు. పాఠంలో ఏ మాట దగ్గర నాకు దారి తప్పిందో వెతికిపెడితే, వచ్చే ఏడు వచ్చేవాళ్లకు అక్కడ జాగ్రత్త పడతానన్నారు. ఇద్దరం పక్కపక్కన కూర్చుని మొదటి పాఠం నుంచి మొదలుపెట్టాం. ఎంతో దూరం పోనక్కర్లేకపోయింది. మొదటి పేజీలోనే 'రెసిస్టెన్స్' దగ్గర ఆగిపోయాను. అంటే ఏమిటో చెప్పమంటే పుస్తకంలో వాక్యం అప్పజెప్పాను. అది కాదు, నీ బడిలో దీన్నేమనేవారని అడిగారు. చిన్నప్పటి సైన్సు టీచరు గొంతు ఎక్కడినుంచో వినిపించినట్టయింది.

"ముజాహమత్," అన్నాను. "అంటే... కరెంటుకు అడ్డం పడేది. తీగ సన్నగుంటే ఎక్కువ, లావుగుంటే తక్కువ. పొడుగైతే మళ్ల ఎక్కువ."

చెబుతూ చెబుతూనే ఆగిపోయాను. క్లాసులో సారు వారం రోజులు చెప్పింది అదే. మేడం లేచి నల్లబల్ల మీద ఉర్దూ మాటను తెలుగు లిపిలో రాశారు. దాని పక్కన 'నిరోధం' అని రాశారు.

"ఇది మా ఊరి బడిలో మాట. నేనూ మొదటి ఏడాది దీన్ని పోగొట్టుకుని ఏడ్చినదాన్నే. నీకు పాఠం వచ్చమ్మా. దాని కొత్త పేర్లే రావు."

అప్పుడు నేను అడిగాను, మరి 'పొటెన్షియల్'ను తెలుగులో ఏమంటారని. ఆవిడ జవాబు చెప్పకుండా వెళ్లి బిస్కెట్ల డబ్బా మూత తీశారు. బీకాం సంగతి ఆ సాయంత్రమే మర్చిపోయాను.

కానీ పొద్దుపోయేదాకా ఆ గదిలో ఉండిపోతుంటే ఇంట్లో కంగారు మొదలైంది. ఒక ఆదివారం మేడం తనే మా ఇంటికొచ్చారు. తెలుగులో మాట్లాడితే మా దాదీకి, అంటే నాన్నమ్మకు, అర్థం కాదని, దారంతా ఉర్దూలో వాక్యాలు కూడబలుక్కుని వచ్చారట. నేను బాగా కష్టపడతానని, మెహనతీ పిల్లనని చెప్పబోయి, "ఆప్ కీ పోతీ బహుత్ మెహందీ హై," అన్నారు. మీ మనవరాలు మహా గోరింటాకు అన్నమాట. దాదీ నా అరచేతులు తిప్పి చూసింది. అబ్బా దగ్గు నటిస్తూ లోపలికెళ్లారు. పొరపాటు తెలిశాక అందరికంటే ఎక్కువ నవ్వింది మేడమే. ఆవిడ వెళ్లాక దాదీ తీర్పు చెప్పింది. మన భాష రాకపోయినా మన ఇంటికొచ్చి ధైర్యంగా తప్పు మాట్లాడిందంటే, ఆమె దగ్గర పిల్లకు మంచే జరుగుతుందని. ఆ తర్వాత ఎంత ఆలస్యమైనా నన్నెవరూ ఏమీ అనలేదు.

మూడో ఏడు కొత్త ప్రిన్సిపాల్‌గారు వచ్చారు. కేంద్రానికి వచ్చేది గుప్పెడు మంది, అంతకోసం గది ఎందుకన్నారు. మేడం వాదనకు దిగలేదు. నల్గొండ, మెదక్ వైపు నుంచి తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలు కూడా మాలాగే వెనక బెంచీల్లో మౌనంగా ఉంటున్నారని ఆవిడకు తెలుసు. వాళ్లను కూడా పిలవమని మాకు చెప్పారు. రెండు వారాల్లో గది నిండింది. ప్రిన్సిపాల్‌గారు పరిశీలనకు వస్తారన్న రోజు మేడం నా చేతిలో సుద్దముక్క పెట్టి, తను వెనక్కి వెళ్లి కూర్చున్నారు.

నాకొచ్చిన తెలుగులో, మధ్యమధ్య మా దక్కనీ ఉర్దూ కలిపి, ట్రాన్స్‌ఫార్మర్ పాఠం మొదలుపెట్టాను. మెదక్ పిల్లాడొకడు "గట్లెట్ల అక్కా? రెండు తీగ చుట్టలు ఒకదానికొకటి తగలనే లేవు కద, కరెంటెట్ల పోతది?" అని అడిగాడు. వాడికి చెప్పాలన్న ధ్యాసలో తలుపు దగ్గర నిలబడ్డ ప్రిన్సిపాల్‌గారిని మర్చిపోయాను. ఆయనకు కూర్చోవడానికి చోటు లేదు. చాలాసేపు విని, చివర్లో ఆయనే ఇంగ్లీషులో ఒక సందేహం అడిగారు. మేడం లేచి అందరి మధ్య నుంచి నడిచి వెళ్లి, ఆయన ముందు డబ్బా పెట్టారు.

"తీసుకోండి సార్, ప్రశ్న అడిగారుగా."

ఆయన బిస్కెట్టు తిన్నారు. గది మాకే మిగిలింది. పైగా ఇంకో నల్లబల్ల వచ్చింది.

మేడం రిటైరై భీమవరం వెళ్లిపోయారు. పండక్కి ఫోనులో ఉర్దూలో ముబారక్ చెప్తారు. ఇప్పటికీ తప్పులే. నేను దిద్దను. నేనిప్పుడు ఇంకో కాలేజీలో అదే పాఠం చెబుతున్నాను.

ఈ మధ్య ఆదిలాబాద్ నుంచి వచ్చిన ఒక గోండు అమ్మాయి నా గదికొచ్చి, ఏమీ అర్థం కావట్లేదని తల దించుకుంది. ఏ మాట దగ్గర ఆగిపోయావని అడిగితే 'రెసిస్టెన్స్' అంది. మీ ఇంట్లో అయితే దీన్ని ఎట్లా చెబుతావన్నాను. "మా అమ్మకు ఫోన్ చేయాల్నా మేడం?" అంది. చేయమన్నాను. నా ఎదురుగానే నిలబడి తల్లికి గోండీలో చెప్పడం మొదలుపెట్టింది. అవతల ఆమె ఏదో అడిగినట్టుంది. అమ్మాయి ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, ఒక చేతిని కాలువలా సాచి, రెండో చేతిని దానికి అడ్డం పెట్టి, కొంచెం ఎత్తి, మళ్లీ దించింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. తనకు మాత్రం పాఠం వచ్చేసింది.