మా డాబా మీంచి గట్టిమేళం

లాక్‌డౌన్‌లో పెళ్ళిళ్ళు ఆగిపోయి, నాదస్వరం మీద బతికే నాకు పిలుపులు లేకుండా పోయాయి. "ఇంకా ఏటి ఊదుతావోయ్, నీకు రైల్వే షెడ్‌లో పని చూస్తాను" అన్నాడు మా బావ. నేను వినలేదు. తలుపులు వేసుకుని రోజూ సాధన చేశాను.

ఇంతలో మేముండే బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో, మా ఎదురు క్వార్టర్‌లోనే పెళ్ళి కుదిరింది.

"ఊదితే రోగం వస్తాదంట బాబూ. ఫోన్‌లో మేళం పెట్టుకుంటాం" అన్నాడు పెళ్ళికూతురి తండ్రి, నేను ఊదుతానని అడిగితే.

నాకు ఒళ్ళు మండింది. ముహూర్తానికి ఒక్కణ్ణే మా డాబా ఎక్కి, తాళి కట్టే వేళకి గట్టిమేళం అందుకున్నాను. కాలనీ అంతా గుమ్మాల్లోకి వచ్చింది. కింద పెళ్ళికూతురి తండ్రి ఫోన్‌లో మేళం కట్టేసి పైకి చూశాడు.

"ఆపమంటారేటి?" అని అరిచాను.

"ఆపకు! అప్పగింతల దాకా ఊదు!" అన్నాడు.

పెదాలు మండుతున్నా ఊదాను.